పట్టాలొకరివి, బండి మరొకరిది
(ఆమ్‌ట్రాక్ కథ, కొంత రైలు విజ్ఞానం)

రైలుబండితో తెలుగువారికి ఉన్న అనుబంధం ఈనాటిది కాదు. వాడి నుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు 1874లో వచ్చింది. రాజమహేంద్రవరం వద్ద 1900లో కట్టిన హేవ్‌లాక్ వంతెన మీద మూడు తరాలవారు గోదావరిని దాటారు. రైలు నది మీదికి రాగానే కిటికీలోంచి చిల్లర డబ్బులు గోదావరమ్మకు విసిరి దణ్ణం పెట్టుకున్న జ్ఞాపకం మనలో చాలామందికి ఉంది. చదువుకోసమో ఉద్యోగం కోసమో ఊరు విడిచినప్పుడు మనల్ని మొదట సాగనంపింది విమానాశ్రయం కాదు, రైలు ప్లాట్‌ఫారమే.

కనుకనే మన ఊళ్ళ నుంచి అమెరికా చూడవచ్చిన పెద్దలు ఏదో ఒకరోజున ఒక ప్రశ్న వేస్తారు: "ఇంత సంపన్న దేశంలో రైళ్ళెందుకు లేవు నాయనా?" అలా అడిగిన మర్నాడే ఊరి చివర గేటు దగ్గర కారు ఆగిపోతుంది. నాలుగు ఇంజన్లు లాగుతున్న గూడ్సుబండి ఒకటి నూటికి పైగా పెట్టెలతో తీరిగ్గా సాగిపోతూ ఉంటుంది. లెక్కపెడుతూ కూర్చున్న పెద్దాయన సంఖ్య తప్పి, రెండో ప్రశ్న వేస్తాడు: "సామాన్లకు ఇన్ని రైళ్ళున్నప్పుడు మనుషులకెందుకు లేవు?"

ఈ రెండు ప్రశ్నలూ పైకి కనబడేటంత తేలికైనవి కావు. వాటికి సమాధానం కావాలంటే కొంత చరిత్ర, కొంత చట్టం, కొంత భౌతికశాస్త్రం తెలుసుకోవాలి. ఈ మూడూ కలిసే చోట ఉన్న సంస్థ ఆమ్‌ట్రాక్. దాని పూర్తి పేరు నేషనల్ రైల్‌రోడ్ పాసింజర్ కార్పొరేషన్. అమెరికా, ట్రాక్ అనే రెండు మాటలను కలిపి ముద్దుపేరు పెట్టారు.

ప్రైవేటు రైళ్ళ వైభవం, పతనం

భారతదేశంలో రైల్వే అనగానే ప్రభుత్వమే గుర్తుకు వస్తుంది. అమెరికాలో రైలుమార్గాలు వేసింది ప్రైవేటు కంపెనీలు. అయితే ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చున్నదనుకోరాదు. 1862 నాటి చట్టం ద్వారా భూములు దానమిచ్చి, రుణాలిచ్చి ఆ కంపెనీలను ప్రోత్సహించింది. తూర్పు నుంచి, పడమర నుంచి వేసుకుంటూ వచ్చిన పట్టాలు 1869 మే 10న యూటాలోని ప్రామంటరీ వద్ద కలుసుకున్నాయి. ఈనాడు మనం ఈస్టర్న్ టైమ్, సెంట్రల్ టైమ్ అని చెప్పుకునే కాలమండలాలు కూడా రైలు కంపెనీలు తమ సౌకర్యం కోసం 1883 నవంబరు 18న అమలులో పెట్టుకున్నవే. 1916 నాటికి దేశంలో రైలుమార్గం సుమారు 2,54,000 మైళ్ళకు చేరింది. అదే దాని శిఖరం. తరువాత అంతా దిగుడే.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917 డిసెంబరు నుంచి 1920 మార్చి వరకు, ప్రభుత్వమే రైళ్ళను తన చేతిలోకి తీసుకుని నడిపింది. యుద్ధం ముగియగానే యజమానులకు తిరిగి అప్పగించింది. జాతీయీకరణ అన్న మాట ఈ దేశానికి అంతగా రుచించదు.

రెండో ప్రపంచయుద్ధం తరువాత మోటారుకారు ఇంటింటికీ వచ్చింది. 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. జెట్ విమానాలు వచ్చాయి. ప్రయాణికులు రైలును విడిచిపెట్టసాగారు. అయినా తపాలా సంచులు మోయడం వల్ల వచ్చే ఆదాయం చాలా బళ్ళను బ్రతికిస్తూ వచ్చింది. 1967లో తపాలాశాఖ ఆ ఒప్పందాలలో అధికభాగాన్ని రద్దు చేయడంతో ఆ ఊపిరి కూడా ఆగింది. నష్టం వస్తున్నా సరే, ప్రభుత్వ నియంత్రణ సంఘం అనుమతి లేకుండా బండిని ఆపరాదన్న నిబంధన మాత్రం కంపెనీల మెడమీద అలాగే ఉన్నది. 1970 జూనులో పెన్ సెంట్రల్ అనే మహాసంస్థ దివాలా తీసింది. అప్పటికి ఆ దేశంలో అంత పెద్ద దివాలా మరొకటి లేదు.

ప్రభుత్వం ముందున్న మార్గాలు రెండు. మనుషుల రైళ్ళను పూర్తిగా పోనివ్వడం ఒకటి. తానే వాటిని ఎత్తుకోవడం మరొకటి. అధ్యక్షుడు నిక్సన్ 1970 అక్టోబరు 30న సంతకం చేసిన చట్టం రెండో మార్గాన్ని ఎన్నుకుంది. 1971 మే 1న ఆమ్‌ట్రాక్ బళ్ళు బయలుదేరాయి. ఆ ఒక్కరోజులోనే అంతకు ముందు నడుస్తున్న ప్రయాణికుల రైళ్ళలో దాదాపు సగం శాశ్వతంగా ఆగిపోయాయి. కొద్దికాలంలో ఇదీ మూతపడుతుందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. కాని ఆ అంచనా తప్పింది. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆమ్‌ట్రాక్ సుమారు 3.28 కోట్ల ప్రయాణాలతో అంతవరకు ఉన్న తన రికార్డును దాటింది.

ప్రభుత్వమా, కంపెనీయా?

ఆమ్‌ట్రాక్ స్వరూపం విచిత్రమైనది. భారతీయ రైల్వే ఒక మంత్రిత్వశాఖ. దానికొక మంత్రి ఉంటాడు. 2017లో సాధారణ బడ్జెట్టులో కలిసిపోయేదాకా దానికి ప్రత్యేక బడ్జెట్టే ఉండేది. ఆమ్‌ట్రాక్ అలాంటి ప్రభుత్వశాఖ కాదు. చట్టం దాన్ని లాభాపేక్షతో నడవవలసిన సంస్థగా నిర్వచించింది. అది ప్రభుత్వశాఖ కాదని కూడా ఆ చట్టమే చెప్పింది. కాని అందులోని వాటాల్లో అత్యధిక భాగం కేంద్రప్రభుత్వానిదే. డైరెక్టర్లను అధ్యక్షుడు సెనేటు ఆమోదంతో నియమిస్తాడు. ఏటా కాంగ్రెసు నిధులు మంజూరు చేస్తుంది.

కంపెనీ అని పేరు పెట్టినంత మాత్రాన కంపెనీ అయిపోతుందా? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పౌరుల రాజ్యాంగ హక్కుల విషయంలో ఆమ్‌ట్రాక్‌ను ప్రభుత్వంగానే పరిగణించాలని 1995లో కోర్టు తీర్పు చెప్పింది. 2015లో మరో కేసులో, ప్రమాణాలను నిర్ణయించే అధికారం వినియోగించేటప్పుడు అది ప్రభుత్వ సంస్థేనని మళ్ళీ చెప్పింది. మనకు తెలిసిన ఉపమానం కావాలంటే రైల్వేశాఖ కంటే ఆర్టీసీ దగ్గరగా ఉంటుంది: పేరుకు కార్పొరేషను, సొమ్ము సర్కారుది, నడక తనది కాని దారిమీద.

ఈ మూడో లక్షణమే అసలు చిక్కు.

పట్టాలు ఎవరివి?

ఆమ్‌ట్రాక్ బళ్ళు 46 రాష్ట్రాలలోనూ, రాజధాని వాషింగ్టనులోనూ, కెనడాలోని మూడు రాష్ట్రాలలోనూ, మొత్తం 21,000 మైళ్ళకు పైగా ఉన్న మార్గాలలో తిరుగుతాయి. కాని అందులో ఆమ్‌ట్రాక్ సొంత పట్టాలు చాలా స్వల్పం. సొంత ఆస్తిలో ముఖ్యమైనది వాషింగ్టన్, బోస్టన్ల మధ్యనున్న 457 మైళ్ళ ఈశాన్య మార్గంలోని అధికభాగం. అది కూడా పెన్ సెంట్రల్ దివాలా పుణ్యమా అని 1976లో దాని చేతికి వచ్చినదే. మిగిలిన దేశమంతటా బి.ఎన్.ఎస్.ఎఫ్., యూనియన్ పసిఫిక్, సి.ఎస్.ఎక్స్. వంటి సరుకుల రైలు కంపెనీల పట్టాలమీద అతిథిగా నడవవలసిందే. ఆమ్‌ట్రాక్ బళ్ళు నడిచే మైళ్ళలో నూటికి సుమారు డెబ్బై పాళ్ళు పరాయి పట్టాల మీదివే.

అతిథికి మర్యాద జరగాలని చట్టం ఉంది. పట్టాలు, జంక్షన్లు, క్రాసింగుల వద్ద సరుకుల రైలుకంటే ప్రయాణికుల రైలుకు ప్రాధాన్యం ఇవ్వాలని 1973 నుంచి చట్టం చెబుతోంది. కాని ఏ బండిని ఎప్పుడు పోనివ్వాలో నిర్ణయించే డిస్పాచరు ఆ పట్టాల యజమాని ఉద్యోగి. చట్టాన్ని ఉల్లంఘించారని కోర్టుకు వెళ్ళే అధికారం ఆమ్‌ట్రాక్‌కు లేదు, న్యాయశాఖకే ఉంది. న్యాయశాఖ అలా దావా వేసిన సందర్భాలు అరుదు: 1979లో ఒకటి, 2024లో ఒకటి. 2008 చట్టం తరువాత ఆలస్యాలపై విచారణ జరిపే అధికారం రవాణా నియంత్రణ మండలికి కూడా లభించింది.

దీనిలో కేవలం దురుద్దేశమే చూడడం సరికాదు. కొంత జ్యామితి కూడా ఉన్నది. ఈ దేశంలో దూరపు మార్గాలు చాలావరకు ఒంటిదారులు. ఎదురెదురుగా వచ్చే రెండు బళ్ళలో ఒకటి లూపులైనులో తప్పుకోవాలి. ఆ లూపులు పూర్వం మైలు, మైలున్నర పొడవైన బళ్ళ కోసం వేసినవి. ఇటీవలి కాలంలో గూడ్సుబళ్ళు రెండు మైళ్ళు, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ పొడవు పెరిగాయి. లూపులో పట్టని బండి తప్పుకోలేదు. అందుచేత పొట్టిదైన ప్రయాణికుల బండే తప్పుకోవాలి. ఏనుగు ఎదురైతే దారి ఇవ్వవలసింది మనిషే గదా!

కనుక పెద్దాయన వేసిన రెండో ప్రశ్నకు సమాధానం ఇది: సామాన్లకు రైళ్ళున్నది పట్టాలు సామాన్లవారివి గనుక. సరుకు రవాణాలో అమెరికా రైళ్ళు ప్రపంచంలోకెల్లా సమర్థమైనవాటిలో చేరతాయి. మనుషుల రవాణా ఆ వ్యవస్థలో అదనపు భారం.

ఉక్కుమీద ఉక్కు

ఇక కొంచెం విజ్ఞానం. అసలు రైలు గొప్పతనం ఎక్కడుంది? ఉక్కు చక్రం ఉక్కు పట్టామీద దొర్లేటప్పుడు అవి తాకే స్థలం చిన్న నాణెమంత. చక్రంగాని పట్టాగాని దాదాపు నలగవు. రబ్బరు టైరు మాత్రం దొర్లినంతసేపూ నలుగుతూ, తిరిగి సాగుతూ, శక్తిని వేడిగా పోగొట్టుకుంటుంది. అందువల్ల అదే బరువును లాగడానికి ఉక్కుచక్రానికి కావలసిన బలం లారీటైరుకు కావలసినదానిలో అయిదోవంతు మాత్రమే, ఒక్కొక్కప్పుడు ఇంకా తక్కువ. నాలుగు ఇంజన్లు నూరు పెట్టెలను లాగగలగడంలోని రహస్యం ఇదే.

ప్రతి వరానికీ ఒక శాపం జతగా ఉంటుంది. ఘర్షణ తక్కువైతే లాగడం తేలిక, ఆపడం కష్టం. గంటకు 125 మైళ్ళ వేగంతో పోతున్న రైలు ఆగాలంటే మైలుకు మించిన దూరం పడుతుంది. కంటికి అడ్డంకి కనిపించిన తరువాత బ్రేకు వేస్తే లాభం లేదు. గేటు దగ్గర తొందరపడే ప్రతి కారు చోదకుడూ, ముఖ్యంగా కొత్తగా లైసెన్సు తీసుకున్న మన పిల్లలూ, గుర్తుంచుకోవలసిన విషయమిది.

మరొక విశేషం. రైలు చక్రం బయటికి చదునుగా కనిపించినా, నిజానికి కొద్దిగా శంఖాకారంగా, లోపలివైపు లావుగా, వెలుపలివైపు సన్నగా చెక్కబడి ఉంటుంది. వాలు సాధారణంగా ఇరవైకి ఒకటి. జత చక్రాలు ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి గనుక రెండూ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో వెలుపలి పట్టా పొడవెక్కువ. అప్పుడు చక్రాల జత కొంచెం వెలుపలికి జరుగుతుంది. వెలుపలి చక్రం తన లావుపాటి అంచుమీద, లోపలి చక్రం తన సన్నపాటి అంచుమీద దొర్లుతాయి. ఒకటి ఎక్కువ దూరం, ఒకటి తక్కువ దూరం పోయి, స్టీరింగు లేకుండానే బండి మలుపు తిరుగుతుంది. పట్టా పక్కనుండే అంచు కేవలం ఆఖరి రక్షణ మాత్రమే.

పట్టాల మధ్య దూరాన్ని గేజి అంటారు. అమెరికాలో అది 1,435 మిల్లీమీటర్లు. భారతదేశపు బ్రాడ్‌గేజి 1,676. ఇక్కడొక ముచ్చట చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1972 నుంచి నడుస్తున్న బార్ట్ రైలు గేజి సరిగ్గా 1,676 మిల్లీమీటర్లే. ఫ్రీమాంటులో రైలెక్కే తెలుగువాడు, తెలియకుండానే, విజయవాడ స్టేషనులోని పట్టాలంత వెడల్పైన పట్టాలమీద ప్రయాణం చేస్తున్నాడు.

ఒక దారి, మూడు రకాల కరెంటు

ఈశాన్య మార్గం తప్పించి, దానికి ఆనుకున్న ఫిలడెల్ఫియా–హారిస్‌బర్గ్ శాఖ తప్పించి, ఆమ్‌ట్రాక్ బళ్ళు దాదాపు అన్నిచోట్లా డీజిలు మీదనే నడుస్తాయి. భారతదేశంలో బ్రాడ్‌గేజి మార్గాల విద్యుదీకరణ దాదాపు పూర్తయిందని చెబితే ఇక్కడివారు ఆశ్చర్యపోతారు. డీజిలు ఇంజనులో కూడా చక్రాలను తిప్పేది విద్యుత్తే. డీజిలు యంత్రం జనరేటరును తిప్పుతుంది. అందులో పుట్టిన విద్యుత్తు ఇరుసుల వద్దనున్న మోటార్లను తిప్పుతుంది. అంటే అది తన విద్యుత్కేంద్రాన్ని తానే మోసుకుపోయే బండి. తీగ కింద నడిచే ఇంజనుకు ఆ బరువు లేదు. ఒకప్పుడు మన విజయవాడ వంటి జంక్షన్లలో ఇంజన్లు మార్చినట్లే, దక్షిణానికి పోయే ఆమ్‌ట్రాక్ బళ్ళకు వాషింగ్టనులో విద్యుత్ ఇంజను తీసి డీజిలు ఇంజను తగిలించడం దశాబ్దాలపాటు నిత్యకృత్యం.

ఈశాన్య మార్గపు విద్యుత్తులో ఒక చారిత్రక వింత ఉంది. వాషింగ్టన్ నుంచి న్యూయార్కు వరకు తీగలలో ప్రవహించే విద్యుత్తు పౌనఃపున్యం సెకనుకు 25 ఆవర్తనాలు. వోల్టేజి సుమారు 12,000. ఇళ్ళకు వచ్చే విద్యుత్తు పౌనఃపున్యం 60 గదా, ఇక్కడ 25 ఎందుకు? పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ఈ ఏర్పాటు చేసిన కాలంలో రైలు మోటార్లు ఎక్కువ పౌనఃపున్యాన్ని తట్టుకోలేకపోయేవి. వాటి బ్రష్‌ల దగ్గర మితిమీరి నిప్పురవ్వలు లేచేవి. తక్కువ పౌనఃపున్యంతో ఆ బాధ తగ్గింది. 1935లో న్యూయార్కు, వాషింగ్టన్ల మధ్య విద్యుత్ రైళ్ళు నడిచాయి. మోటార్లు మారాయి, యుగాలు మారాయి. తీగలలోని 25 ఆవర్తనాలు మాత్రం అలాగే ఉండిపోయాయి. న్యూయార్కు దాటి న్యూ హేవెన్ వరకు పౌనఃపున్యం 60, వోల్టేజి 12,500. న్యూ హేవెన్ నుంచి బోస్టన్ వరకు 2000 సంవత్సరంలో వేసిన కొత్త తీగలలో 60 ఆవర్తనాలతోనే 25,000 వోల్టులు. కాబట్టి వాషింగ్టనులో బయలుదేరి బోస్టనుకు పోయే ఇంజను మూడు రకాల విద్యుత్తును జీర్ణించుకోవాలి. తక్కువ పౌనఃపున్యానికి పనిచేసే ట్రాన్స్‌ఫార్మరుకు ఎక్కువ ఇనుము కావాలి. తాతగారి నిర్ణయం తాలూకు బరువును ఈనాటి ఇంజన్లు కూడా మోస్తున్నాయన్నమాట.

తీగకు సంబంధించిన మరో సమస్య ఎండ. వేడికి రాగితీగ సాగి కిందికి వాలుతుంది. మన ఊళ్ళలో రైలు స్తంభాలకు గుండ్రని బరువులు దొంతరగా వ్రేలాడుతుండడం మీరు చూసే ఉంటారు. తీగ సాగినప్పుడు అవి కిందికి దిగి దాన్ని బిగించి ఉంచుతాయి. ఈశాన్య మార్గపు పాత తీగలకు ఆ ఏర్పాటు లేదు. అందువల్ల ఆ భాగాలలో వేగానికి హద్దు ఉంది. న్యూజెర్సీలో న్యూ బ్రన్స్‌విక్, ట్రెంటన్ల మధ్య కొత్త పద్ధతి తీగలు వేయడానికి సంవత్సరాల కాలం, అపారమైన ధనం వ్యయమయ్యాయి.

2000 డిసెంబరులో ఆరంభమైన అసేలా రైలు గంటకు 150 మైళ్ళ వేగాన్ని అందుకునేది. 2025 ఆగస్టు 28న ప్రవేశించిన కొత్త తరం అసేలా 160 మైళ్ళు, అంటే సుమారు 257 కిలోమీటర్లు అందుకుంటుంది. కాని అది కొన్ని చోట్ల మాత్రమే. పాత వంతెనలు, పాత సొరంగాలు, పాత మలుపులు వచ్చినప్పుడు ఎంత కొత్త బండి అయినా తల వంచవలసిందే.

మలుపు చెప్పిన పాఠం

2015 మే 12 రాత్రి వాషింగ్టన్ నుంచి న్యూయార్కుకు పోతున్న 188 నంబరు ఆమ్‌ట్రాక్ రైలు ఫిలడెల్ఫియాలో ఫ్రాంక్‌ఫర్డ్ జంక్షన్ మలుపు వద్ద పట్టాలు తప్పింది. ఎనిమిదిమంది మరణించారు. నూరుమందికి పైగా గాయపడ్డారు. ఆ మలుపులో అనుమతించిన వేగం గంటకు 50 మైళ్ళు. బండి వేగం 106 మైళ్ళు.

వేగం రెట్టింపైతే ప్రమాదమూ రెట్టింపవుతుందని చాలామంది భావిస్తారు. భౌతికశాస్త్రం అలా చెప్పదు. మలుపులో బండిని వెలుపలికి నెట్టే ప్రభావం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. 106ను 50తో భాగించి వర్గం చేస్తే సుమారు నాలుగున్నర వస్తుంది. అంటే రెండింతలకు కొంచెం మించిన వేగం నాలుగున్నర రెట్లు బలంతో ఆ బండిని నెట్టింది. మలుపులో వెలుపలి పట్టాను కొంత ఎత్తు చేసి ఈ బలాన్ని తట్టుకోవడం పరిపాటి. అదే మార్గంలో గూడ్సుబళ్ళు నెమ్మదిగా పోవలసిన చోట పట్టాను మరీ ఎత్తు చేయడం కుదరదు. అసేలా పెట్టెలు మలుపులో ఒక పక్కకు ఒరుగుతాయి. ఆ ఒరగడం ప్రయాణికుడి సౌఖ్యం కోసమే గాని, పట్టామీద పడే బలాన్ని తగ్గించదు.

ఇంజను నడిపేవాడు తానెక్కడున్నదీ ఒక్కక్షణం పొరబడితే ఏమి గతి? ఈ ప్రశ్న రైలంత పాతది. 1869లో జార్జి వెస్టింగ్‌హౌస్ గాలిబ్రేకు కనిపెట్టాడు. కొద్దికాలానికే దాన్ని మెరుగుపరచి, గొట్టం తెగి గాలి పోతే బ్రేకు దానంతటదే పడేటట్లు చేశాడు. 1872లో విలియం రాబిన్సన్ పట్టాలలోనే స్వల్ప విద్యుత్తును ప్రవహింపజేశాడు. బండి చక్రాలు ఆ ప్రవాహాన్ని మధ్యలో అడ్డుకోగానే వెనుకనున్న సిగ్నలు ఎరుపవుతుంది. పట్టా విరిగినా, తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా ఎరుపే. ఈ రెండింటిలోనూ సూత్రం ఒక్కటే: ఏది చెడినా బండి ఆగేవైపే చెడాలి. ఇంజనీరింగులో ఇంతకంటే మానవీయమైన సూత్రం మరొకటి కనబడదు.

దానికి ఆధునిక రూపం పాజిటివ్ ట్రైన్ కంట్రోల్. ఇంజనులోని కంప్యూటరుకు తానెక్కడున్నదీ, ముందు మలుపు ఎంత దూరంలో ఉన్నదీ, సిగ్నలు ఏమి చెబుతున్నదీ తెలుసు. ఎక్కడ బ్రేకు వేస్తే సకాలంలో వేగం తగ్గుతుందో అది అనుక్షణం లెక్కకడుతుంది. నడిపేవాడు స్పందించకపోతే తానే బ్రేకు వేస్తుంది. 2008 సెప్టెంబరు 12న కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ వద్ద ఎర్రసిగ్నలు దాటిన స్థానిక రైలు గూడ్సుబండిని ఢీకొని 25 మంది మరణించిన తరువాత, కొద్దివారాలలోనే కాంగ్రెసు దీన్ని తప్పనిసరి చేసింది. ఫ్రాంక్‌ఫర్డ్ మలుపులో ఆ రాత్రి అది పనిచేసి ఉంటే ప్రమాదం జరిగేది కాదని జాతీయ రవాణా భద్రతామండలి తేల్చింది. పరికరం ఉంది, చట్టం ఉంది, మార్గంలో కొన్ని భాగాలకు అమరింది కూడా. ఆ మలుపు వంతు మాత్రం ఇంకా రాలేదు. దేశవ్యాప్తంగా చట్టం కోరిన మార్గాలన్నింటిలోనూ ఆ ఏర్పాటు పూర్తయ్యేసరికి 2020 డిసెంబరు వచ్చింది.

భారతదేశంలో ఇలాంటి రక్షణ వ్యవస్థకు కవచ్ అని పేరు. దానిని తొలుత పరీక్షించి అమర్చినది సికింద్రాబాదు కేంద్రంగా గల దక్షిణ మధ్య రైల్వే మార్గాలలోనే. అది తెలుగునేలకు గర్వకారణం. కాని 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి వద్ద ఒక రైలును వెనుకనుంచి మరొక రైలు ఢీకొన్నప్పుడు, ఆ మార్గానికి కవచ్ ఇంకా చేరలేదు. ఫిలడెల్ఫియా అయినా, విజయనగరమైనా, పరికరం కనిపెట్టిన రోజుకూ అది మన ఊరి మలుపుకు చేరిన రోజుకూ మధ్యనున్న కాలమే ప్రాణాలు తీస్తుంది. ఆ కాలాన్ని నిర్ణయించేది విజ్ఞానం కాదు, నిధులు.

నది కింద నూరేళ్ళ సొరంగం

న్యూజెర్సీలోని మెట్రోపార్క్ స్టేషనులో ఉదయం నిలబడితే తెలుగు మాట వినిపించని ప్లాట్‌ఫారం ఉండదంటే అతిశయోక్తి కాదు. అక్కడ ఎక్కేది ఎక్కువగా రాష్ట్రపు స్థానిక రైలే అయినా, దాని కింది పట్టాలు ఆమ్‌ట్రాక్‌వే. ఆ బళ్ళన్నీ హడ్సన్ నది కింద 1910లో తెరచిన జంట సొరంగాలలో దూరి మన్‌హాటన్ చేరతాయి. ఒక్కొక్క సొరంగంలో ఒక్కటే పట్టా. 2012 అక్టోబరులో శాండీ తుపాను వచ్చినప్పుడు వాటిలో ఉప్పునీరు నిండింది. నీరు తోడివేశారు గాని, గోడలలో ఇంకిన ఉప్పు మిగిలిపోయి కాంక్రీటునూ, విద్యుత్ కేబుళ్ళనూ తొలుస్తూ వచ్చింది. ఒక సొరంగాన్ని మూసి బాగుచేయాలంటే రెండు దిక్కుల బళ్ళూ ఒకే దారిలో పోవాలి. రాకపోకలు సగానికంటే తగ్గిపోతాయి. అందుచేత ముందు కొత్త సొరంగం తవ్వి, తరువాత పాతవాటిని బాగుచేయాలని నిశ్చయించారు. ఆ పనులు 2023లో ఆరంభమయ్యాయి. ఇంజనీర్లకు ఆ మార్గం ఎన్నడో తెలుసు. ఎవరెంత భరించాలన్న వాదనలోనే దశాబ్దం గడిచింది.

లాభమా, అవసరమా?

2002 డిసెంబరు నాటికి నడిపే ఖర్చుకు ప్రభుత్వ సహాయం అక్కరలేకుండా నిలబడాలని 1997 చట్టం ఆమ్‌ట్రాక్‌ను ఆదేశించింది. అది సాధ్యం కాలేదు. 2008 చట్టం 750 మైళ్ళలోపు మార్గాలకయ్యే ఖర్చులో రాష్ట్రాలు పాలుపంచుకోవాలన్నది. రాలీ, షార్లట్ల మధ్య నడిచే పీడ్‌మాంట్, షికాగో, సెయింట్ లూయిస్ల మధ్య నడిచే లింకన్ సర్వీస్ వంటివి రాష్ట్రాల తోడ్పాటుతో నడిచేవే. 2021 మౌలిక సదుపాయాల చట్టం ఆమ్‌ట్రాక్‌కు నేరుగా 2,200 కోట్ల డాలర్లు కేటాయించింది. దాని చరిత్రలో అంత పెద్ద కేటాయింపు లేదు.

ఈశాన్య మార్గంలో టిక్కెట్ల ఆదాయం నడిపే ఖర్చును మించుతుంది. షికాగో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో సమీపంలోని ఎమరీవిల్ దాకా 2,438 మైళ్ళు, రెండు రాత్రులు ప్రయాణం చేసే కాలిఫోర్నియా జెఫిర్ వంటి దూరపు బళ్ళు నష్టపోతాయి. వాటిని తీసివేయాలన్న వాదం ఎప్పుడూ ఉన్నదే. అయితే నెబ్రాస్కాలోనో నెవాడాలోనో విమానాశ్రయం దగ్గరలో లేని చిన్న ఊరికి అర్ధరాత్రి వచ్చి ఆగే ఆ ఒక్క బండి ఏ ఖాతాలోకి వస్తుంది? రహదారులకు ప్రభుత్వం ధనం ఇచ్చినప్పుడు దాన్ని నష్టమని ఎవరూ అనరు; రైలుకిస్తే మాత్రం అంటారు. రెండు వైపులా సమాధానం చెప్పవలసిన వాదన ఇది. ఈ దేశంలో వోటుహక్కు పొందిన మనం కూడా దీనిపై ఒక అభిప్రాయం ఏర్పరచుకోవడం మంచిది.

చివరికి మళ్ళీ మన పెద్దల దగ్గరికి వద్దాం. అమెరికా వచ్చిన తల్లిదండ్రులకు అన్నిటికంటే కష్టమైనది కాలు కట్టిపడేసినట్లుండడం. కారు నడపలేరు, కొడుకో కూతురో తీసుకుపోతే తప్ప గడప దాటలేరు. ఊరిలో ఉండగా ఒక్కరే సంచీ భుజాన వేసుకుని రైలెక్కి తిరుపతికో భద్రాచలంరోడ్డుకో వెళ్ళి వచ్చినవారే వారు. దేశంలో రైళ్ళుండడమంటే కేవలం వేగం కాదు. కారు లేనివాడికి, నడపలేనివాడికి, వయసు మళ్ళినవాడికి ఇంకొకరిని అడగకుండా కదలగలిగే స్వేచ్ఛ. 1970లో ఈ దేశం ఆ స్వేచ్ఛను దాదాపు వదులుకోబోయి, సగం నిలుపుకుంది.

ఈసారి మీ ఇంటికి పెద్దలు వచ్చినప్పుడు, వీలు చూసుకుని ఒకరోజు వారిని రైలెక్కించండి. పిల్లలను కూడా వెంట తీసుకుపోండి. చక్రం వాలు సంగతి, 25 ఆవర్తనాల సంగతి పిల్లలకు మీరు చెప్పండి. బొగ్గు ఇంజను, కంట్లో పడిన నలుసు, అర్ధరాత్రి స్టేషనులో మట్టిముంతలో తాగిన టీ సంగతి తాతగారు చెబుతారు. కిటికీలోంచి నది కనిపించగానే అమ్మమ్మ చేయి అలవాటుగా కొంగుముడి వైపు పోవచ్చు. ఇక్కడి కిటికీలు తెరుచుకోవు. దణ్ణానికి మాత్రం అద్దం అడ్డు కాదు.